సైబీరియా అతిథులు బురదలో ఉన్నారు

చలికాలం మొదలైందంటే పత్రికల జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. చెట్టు కొమ్మల నిండా పెద్దపెద్ద పక్షులు, పైన 'సైబీరియా అతిథులొచ్చాయి' అని శీర్షిక. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురమైనా, గుంటూరు పక్కన ఉప్పలపాడైనా, రాయలసీమలో వీరాపురమైనా ఇదే వరస. ఆ ఫొటోల్లో ఎక్కువగా ఉండేవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. పాపం, వాటిలో ఒక్కటి కూడా సైబీరియా మొహం చూసి ఎరగదు.

ఆ ఊళ్లవాళ్లను అడిగితే మాత్రం సరిగ్గా చెబుతారు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లాంటివి అంటారు. కొట్టనివ్వరు, కొమ్మ నరకనివ్వరు. విలేకరి కంటే వాళ్ల మాటే శాస్త్రానికి దగ్గర. పక్షి గూడు కట్టి, గుడ్డు పెట్టి, పిల్లను పెంచే చోటే దాని పుట్టిల్లు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ పురుడు పోసుకునేది ఇక్కడే కాబట్టి అవి మన పక్షులే. చెరువుల్లో నీళ్లను, చేపలను బట్టి దేశంలోనే అటూ ఇటూ తిరుగుతుంటాయి. పేరులోనే సైబీరియా ఉన్న కొంగ ఒకటి నిజంగా మన దేశానికి వచ్చేది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దాని విడిది. 2001-02 చలికాలం తర్వాత అదీ రావడం మానేసింది.

ఉత్తరం నుంచి వచ్చే అసలు అతిథి ఇక్కడ గూడు కట్టదు. పాట పాడదు, జత కట్టదు. వచ్చింది తినడానికి, ఒంట్లో సత్తువ కూడబెట్టుకుని తిరిగి వెళ్లడానికి. అలాంటి పక్షుల్ని చూడాలంటే చెట్టు వైపు కాదు, బురద వైపు చూడాలి. కాకినాడ దగ్గర గోదావరి సముద్రంలో కలిసే చోట, పాటు వేళ నీళ్లు వెనక్కి తీసిన బురద నేల మీద ఏవో చిన్న చిన్న బూడిదరంగు పిట్టలు వందల్లో గబగబా నడుస్తూ కనిపిస్తాయి. తీరం వెంట స్కూటరు మీద పోయేవాళ్లు వాటిని పక్షుల కింద లెక్క కూడా వెయ్యరు. మన పల్లెల్లో వీటన్నిటినీ కలిపి ఉల్లంకి పిట్టలు అనేస్తారు. వాటిలో అన్నిటికంటే చిన్నది లిటిల్ స్టింట్, పాతిక గ్రాముల బరువు. జూన్‌లో సైబీరియా ఉత్తరపు అంచున, ఆర్కిటిక్ సముద్రానికి దగ్గరగా, చెట్టన్నది మొలవని టండ్రా నేలల్లో గుడ్డు పెడుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నాటికి మన తీరం చేరుతుంది.

ఈ ప్రయాణంలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది దూరం కాదు. ఆర్కిటిక్‌లో గూడు పెట్టే ఉల్లంకి జాతుల్లో చాలావాటికి పెద్ద పక్షులు ముందు బయల్దేరిపోతాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు కొన్ని వారాలు అక్కడే ఉండి, రెక్కలు గట్టిపడ్డాక, దారి చూపే తల్లీతండ్రీ లేకుండా బయల్దేరుతాయి. ఏ దిక్కుకు ఎగరాలో, ఎంతకాలం ఎగరాలో పుట్టుకతోనే వాటి ఒంట్లో ఉంటుంది. సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం దారి దిద్దుకోవడానికి సాయపడతాయి. అంతకుముందెన్నడూ చూడని గోదావరి మొగకు మూడు నెలల పిల్ల వచ్చి దిగుతుంది.

చలికి తట్టుకోలేక వస్తాయనుకుంటాం. ఈకల కింద పక్షి ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, చలి పెద్ద ఇబ్బంది కాదు. ఇబ్బందల్లా తిండితోనే. నేల గడ్డకడితే ముక్కు దిగదు. పురుగులు దొరకవు. కాబట్టి ఏడాదంతా మెత్తగా ఉండే బురద ఎక్కడుందో అక్కడికి రావాలి. అలాంటి బురదను గోదావరి మన తీరంలో పరిచి పెట్టింది.

ఆ బురద ఎలా వచ్చిందో తెలియాలంటే నది దగ్గరే నడక మొదలుపెట్టాలి. రాజమండ్రి పుష్కరఘాట్ మెట్ల మీద ధనుర్మాసం పొద్దున తోక పైకీ కిందకీ ఆడిస్తూ తిరిగే తెల్ల వ్యాగ్‌టెయిల్ కూడా ఉత్తరాది చుట్టమే, దాన్నీ పట్టించుకునేవాళ్లు తక్కువ. మంచు విడిచేసరికి నది మధ్య ఇసుక తిప్పల మీద జక్కవలు కనిపించవచ్చు, నారింజరంగు ఒంటితో జంటలు జంటలుగా. కావ్యాల్లో ఇవి రాత్రయితే విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ఏడుస్తాయి. ప్రబంధకవులకు తెలియనిది ఏమిటంటే వాటి కాపురం ఇక్కడ లేదు. లడఖ్, టిబెట్, మధ్య ఆసియా సరస్సుల దగ్గర ఉంది. ఉపగ్రహ పరికరం కట్టి పంపిన ఒక జక్కవ 6,800 మీటర్ల ఎత్తున హిమాలయాలను దాటడం శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. దక్కన్ రాళ్ల నుంచి, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి అరిగి వచ్చిన మట్టిని వానాకాలపు వరద మోసుకొస్తుంది. బరువైన ఇసుక చాలావరకు ముందే దిగి తిప్పలవుతుంది, లంకలవుతుంది. మిగిలిన ఇసుక, సన్నటి ఒండ్రు సముద్రం దాకా పోతాయి. గౌతమి యానాం దాటి సముద్రంలో కలిసే చోట అలలు ఆ ఇసుకను ఉత్తరానికి నెట్టి నెట్టి పొడుగాటి తిన్నెలా పేర్చాయి. అదే హోప్ ఐలాండ్. దాని పొడవు దాదాపు 16 కిలోమీటర్లు, వయసు చూస్తే రెండు వందల ఏళ్లకు అటూ ఇటూ. ఆ తిన్నె గోడలా అడ్డం నిలబడటంతో లోపల కాకినాడ అఖాతంలో అలల జోరు తగ్గింది. నీళ్లు నెమ్మదించిన చోట సన్నటి ఒండ్రు కిందికి దిగుతుంది. ఒండ్రు దిగిన చోట మడ అడవి లేస్తుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ 235 చదరపు కిలోమీటర్లు ఇలా పుట్టిన నేలే.

తెల్లమడ, నల్లమడ, తిల్ల, కలింగ చెట్ల ఆకులు రాలి ఉప్పుటేళ్లలో కుళ్లుతాయి. వాటిని బ్యాక్టీరియా తింటుంది, బ్యాక్టీరియాను పురుగులు, గుల్లలు, పీతలు తింటాయి. కాకినాడ అఖాతంలో సున్నం కోసం పడవల కొద్దీ గుల్ల తీసేవారంటే ఆ బురదలో ఎంత జీవం ఉందో ఊహించుకోవచ్చు. పైకి చూస్తే నల్లటి మురికి. లోపల వేలు లోతున సన్నటి సముద్రపు పురుగులు, బియ్యపుగింజంత గుల్లలు, రొయ్యపిల్లలు కిక్కిరిసి ఉంటాయి. ఈ విందును తెరిచేదీ మూసేదీ సముద్రమే. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి కప్పేస్తుంది, రెండుసార్లు పాటు వచ్చి తెరుస్తుంది.

అందుకే ఈ తీరంలో పక్షుల్ని చూడబోయేవాడికి పక్షుల పుస్తకం కంటే ముందు పంచాంగం కావాలి. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలోకి వచ్చి నీటిని లాగుతారు. పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. అష్టమి ప్రాంతంలో రెండూ బలహీనం. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, ఎందుకంటే మన భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడూ కాస్త ముందుకు పోతాడు. వేటకెళ్లే మత్స్యకారులకు ఈ లెక్కలన్నీ నోటిలో ఉంటాయి. మనబోటివాళ్లకు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ రేవుల వారీగా ఆటుపోట్ల వేళలు ముందే లెక్కగట్టి ఇస్తుంది.

పాటు పూర్తిగా తీసినప్పుడు వెళితే కష్టం. పక్షులు నీటి అంచు వెంబడి చాలా దూరం పోయి, బైనాక్యులర్స్‌లో కూడా చుక్కల్లా కనిపిస్తాయి. పోటు ఎక్కుతున్నప్పుడు వెళ్లాలి. నీళ్లు ముందుకొస్తున్న కొద్దీ పక్షులు కూడా మన వైపు జరుగుతూ వస్తాయి. మనం కదలకుండా కూర్చుంటే చాలు, సముద్రమే వాటిని దగ్గరికి తోలుకొస్తుంది.

పుష్య బహుళ అమావాస్యను ఇక్కడ చొల్లంగి అమావాస్య అంటారు. కాకినాడ పక్కన చొల్లంగి దగ్గర, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట స్నానానికి జనం వేలల్లో వస్తారు. జనవరి రెండో సగంలోనో ఫిబ్రవరి మొదట్లోనో వస్తుంది. వలస పక్షులు నిండుగా ఉండే రోజులు, పైగా పెద్ద పోటు. స్నానం చేసి బట్టలు ఆరేలోగా జనసందడికి కాస్త దూరంగా నడిచి బురద వైపు ఒక చూపు చూసినా బోలెడు పక్షులు కనిపిస్తాయి.

ఒక గుంపును కాసేపు చూస్తే అన్నీ ఒకేలా తినడం లేదని అర్థమవుతుంది. కొన్ని రెండడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, తల వంచి, ఒక్క పోటు పొడిచి మళ్లీ పరుగెడతాయి. ముక్కు పొట్టి, కన్ను పెద్దది. ఇవి ప్లోవర్లు. మన పొలాల్లో అరిచే తీతువుకు దాయాదులు. పురుగు బురద పైకి తల పెట్టిన క్షణాన్ని కంటితో పట్టి తింటాయి. అలా చూసి తినాలంటే మధ్యలో ఆగాలి, పక్కవాడి తొక్కిసలాట ఉండకూడదు. అందుకే ఎడమెడంగా ఉంటాయి.

మిగతావి తల దించి, ఆపకుండా ముక్కు దించుతూ తీస్తూ పోతాయి. వాటికి కన్నుతో పెద్ద పని లేదు. ముక్కు చివర ఎముకలో సన్నటి గుంటలు, వాటి నిండా స్పర్శను పట్టే నరాల కొసలు. చీకటి బురదలో పురుగు కదిలితే తెలిసిపోతుంది. ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి ఉంది. గుల్ల కదలదు కదా, మరి దాన్నెలా పట్టడం? డచ్ శాస్త్రవేత్తలు నాట్ అనే ఉల్లంకి జాతి మీద ప్రయోగాలు చేసి 1998లో జవాబు చెప్పారు. ముక్కును తడి ఇసుకలో గబగబా దించినప్పుడు ఇసుక రేణువుల మధ్య ఉన్న నీరు పక్కలకు తోసుకుపోతుంది. దారిలో గుల్లలాంటి గట్టి వస్తువు ఉంటే ఆ నీటి ఒత్తిడి వేరుగా తిరిగి తగులుతుంది. ముక్కు దాన్ని తాకకుండానే, గుల్ల అక్కడుందని పక్షికి తెలుస్తుంది. గట్టి గుల్లనైనా సరే అమాంతం మింగేసి కడుపులోనే నలగ్గొట్టుకుంటుంది.

పొడుగు ముక్కుతో ఇంకో చిక్కు. మూరెడు బురదలోకి దిగిన పట్టకారును ఎలా తెరుస్తాం? మొత్తం తెరవబోతే బురద అడ్డం పడుతుంది. ఉల్లంకి జాతుల ముక్కు పైభాగంలో ఎముక సన్నగా, వంగేలా ఉంటుంది. మొదలు మూసే ఉంచి చివర మాత్రమే విప్పగలవు. పొడుగు ముక్కున్న గాడ్‌విట్, కర్లూ తింటున్నప్పుడు చూడండి. కర్లూ ముక్కు కొడవలిలా కిందికి వంగి, జానెడు దాకా ఉంటుంది. పీత బొరియ ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. టెరెక్ శాండ్‌పైపర్ ముక్కు తిరగబడి పైకి వంగుతుంది. అది పరుగెత్తుతూ పీతల్ని తరుముతుంటే చూసి నవ్వు ఆపుకోవడం కష్టం. ఇన్ని రకాల ముక్కులు ఉన్నందుకే ఒకే ఎకరం బురదలో పది జాతులు ఒకదాని నోటికాడ కూడు మరొకటి లాక్కోకుండా బతుకుతున్నాయి. మరీ చిన్న జాతులు కొన్ని బురద మీద పేరుకునే జిగురు పొరను నాకుతాయి. నాచు, బ్యాక్టీరియా కలిసిన ఆ పొర కూడా వాటికి తిండేనని పసిఫిక్ తీరపు పరిశోధకులు 2008లో తేల్చారు. అప్పటిదాకా పురుగులే తింటున్నాయనుకున్నారు అందరూ.

వీటికి పగలూ రాత్రీ అన్న తేడా తక్కువ. పాటు అర్ధరాత్రి తీస్తే అర్ధరాత్రే భోజనం. పోటు వేళ విశ్రాంతి. ఎత్తైన ఇసుక మీద గుంపుగా నిలబడి, ఒంటికాలి మీద, ముక్కు వీపు ఈకల్లో దూర్చి కునుకు తీస్తాయి. ఈ సంగతి తెలిస్తే పోటు వేళ బీచ్‌లో పడుకున్న గుంపును పైకి లేపి 'ఎగిరేటప్పుడు ఎంత బాగున్నాయో' అని ఫొటో తీసుకునేవాళ్ల మీద కోపం వస్తుంది. నిద్రలో ఉన్నవాణ్ణి లేపి పరుగెత్తించి చప్పట్లు కొట్టడం ఏం మర్యాద?

కోరింగ తీరానికి దూరాల నుంచి పక్షి ప్రేమికులు వచ్చేది ఎక్కువగా ఒక్క పక్షి కోసం. అది ఇండియన్ స్కిమ్మర్. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, నారింజరంగు ముక్కు. ఆ ముక్కులో కింది దవడ పైదానికంటే పొడవు. చూడగానే ఏదో విరిగినట్టుంటుంది. సాయంత్రం నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు అది నీటికి ఆనీ ఆననట్టు ఎగురుతూ, నోరు తెరిచి, కింది దవడతో నీటిని గీసుకుంటూ పోతుంది. దవడకు చేప తగిలిందో లేదో పైదవడ టక్కున మూసుకుంటుంది. చూపు కంటే స్పర్శ మీదే ఆధారపడే వేట కాబట్టి మసక చీకటిలోనూ సాగుతుంది. గాలి లేచి నీళ్లు రేగితే మాత్రం ఇబ్బందే. అందుకే నదులు, మొగలు, అఖాతాలు దానికి కావాలి, అలలు విరిగే సముద్రం కాదు.

ఇది సైబీరియా పక్షి కాదని వేరే చెప్పనక్కర్లేదు. వేసవిలో చంబల్, గంగ, మహానది ఇసుక తిప్పల మీద గుడ్లు పెడుతుంది. చలికాలానికి కొన్ని ఇటు దిగుతాయి. ప్రపంచం మొత్తం మీద మూడు వేలకు లోపే పెద్ద పక్షులున్నాయని అంచనా. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల వరుసలోకి మార్చింది. నది నీళ్లు తగ్గితే తిప్పకూ ఒడ్డుకూ మధ్య దారి ఏర్పడి కుక్కలు, పశువులు నడిచి వెళతాయి. ఎగువన డ్యాం గేట్లు ఒక్కసారి ఎత్తితే గుడ్లు కొట్టుకుపోతాయి. ఇసుక లారీల సంగతి సరేసరి.

మడ అడవిలోకి కొంత దూరం చెక్క వంతెన మీద నడవవచ్చు. అక్కడ పక్షులు కనిపించడం కంటే వినిపించడం ఎక్కువ. లకుముకి పిట్టల్లో నల్లతల రకం ఒకటి ఉప్పుటేటి మీదుగా నీలంగా మెరిసి మాయమవుతుంది. తెల్లమడ ఆకు ఒకటి పట్టి చూస్తే తెల్లటి పొడి వేలికి అంటుతుంది. అది ఉప్పు. వేళ్లు పీల్చిన ఉప్పునీటిలో మిగిలిన ఉప్పును చెట్టు ఆకు గ్రంథుల ద్వారా బయటికి నెట్టేస్తోంది. సముద్రపు కాకులు, రేవు పిట్టలు చేసే పనీ అదే. కళ్ల పైన పుర్రెలో ఉన్న గ్రంథులు రక్తంలోని ఉప్పును వడకట్టి చిక్కటి చుక్కలుగా ముక్కు రంధ్రాల్లోంచి కారుస్తాయి. కాకినాడ ఫిషింగ్ హార్బర్ దగ్గర పడవల చుట్టూ మూగే గోధుమరంగు తల సముద్రపు కాకుల్ని దగ్గరగా చూస్తే తల విదిలించి ఆ చుక్కను రాల్చడం కనిపిస్తుంది. అవి గుడ్లు పెట్టేది లడఖ్, టిబెట్ సరస్సుల దగ్గర. ఇక్కడి ఉప్పునీళ్లలో ఆ గ్రంథులకు పని ఎక్కువ.

వెలుతురు గురించి ఒక మాట. పక్షుల్ని చూడటానికి తెల్లవారుజామే మంచిదని పుస్తకాలన్నీ చెబుతాయి. మన తీరంలో అది సగం నిజం. తూర్పు సముద్రం కాబట్టి పొద్దున ఒడ్డున నిలబడి చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. పక్షులన్నీ నల్లటి నీడలే. రంగు తెలియదు, కాళ్ల రంగు అసలే తెలియదు. ఉల్లంకి జాతుల్ని గుర్తుపట్టడానికి కాళ్ల రంగు ముఖ్యం. పొద్దున నది వైపు, మడ అడవి వైపు ఉండి, మధ్యాహ్నం మూడు దాటాక తీరానికి రావడం తెలివైన పని. అప్పుడు సూర్యుడు వీపు వైపు ఉంటాడు, బురద మీది ప్రతి ఈకా స్పష్టంగా కనిపిస్తుంది. పోటు సాయంత్రం అయిదు ప్రాంతంలో నిండే రోజు దొరికితే అంతకంటే కావలసింది లేదు. నవంబరు, డిసెంబరుల్లో తుపాన్ల బెడద ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నిశ్చింత.

నన్నడిగితే మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ ఒకసారి వెళ్లమంటాను, ఎండ మండిపోతున్నా సరే. చలికాలమంతా బూడిదరంగులో ఉన్న కర్లూ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి పిట్ట అప్పుడు ఇటుకరంగుకు తిరుగుతుంది. పెళ్లిబట్టలు ఇక్కడే కట్టుకుని బయల్దేరుతుందన్నమాట. మారేది ఈకలే కాదు. దూరం ఎగిరే ఉల్లంకి జాతులు ప్రయాణానికి ముందు కొవ్వు పట్టి, కొన్నయితే దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి. గ్రాము కొవ్వులో పిండిపదార్థం కంటే రెట్టింపు శక్తి ఉంటుంది కాబట్టి మోసుకెళ్లడానికి అదే లాభం. గాడ్‌విట్ పక్షుల్ని పరిశీలించినప్పుడు ఇంకో వింత బయటపడింది. బయల్దేరే ముందు వాటి పేగులు, కాలేయం కుంచించుకుపోతాయి. దారిలో తిండి లేనప్పుడు అరిగించే యంత్రం మోయడం దండుగ కదా. దిగాక మళ్లీ పెరుగుతాయి. 2022లో అయిదు నెలల వయసున్న ఒక గాడ్‌విట్ అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. మన తీరానికి వచ్చేవి అంత దూరం ఆగకుండా రావు, దారిలో దిగి తిని మళ్లీ లేస్తాయి.

ఆ మజిలీలతోనే చిక్కు వచ్చిపడింది. కాకినాడ తీరంలో చలికాలం కనిపించే మరో అరుదైన పక్షి గ్రేట్ నాట్. ఈశాన్య సైబీరియా కొండల మీద గుడ్లు పెడుతుంది. ఈ జాతిలో ఎక్కువ భాగం చైనా, కొరియాల మధ్య పసుపు సముద్రపు బురదలో ఆగి ఆస్ట్రేలియాకు పోతుంది. దక్షిణ కొరియా సేమంగం అనే చోట 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టి 2006లో పోటును ఆపేసింది. గ్రేట్ నాట్‌లకు అదొక పెద్ద మజిలీ. పోటు రాని బురద ఎండింది, గుల్లలు చచ్చాయి. అక్కడి పక్షులు పక్క తీరాలకు సర్దుకుంటాయని కట్టినవాళ్లు చెప్పారు. పక్క తీరాల్లో లెక్క పెరగలేదు. వేల కిలోమీటర్ల అవతల ఆస్ట్రేలియాలో మాత్రం తగ్గింది. 2015లో గ్రేట్ నాట్ కూడా ప్రమాద జాబితాకెక్కింది. పసుపు సముద్రంలో చైనా వైపు మిగిలిన బురద తీరాల్లో కొంత భాగాన్ని 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వారసత్వమంటే కోటలు, గుళ్లు అనుకునేవాళ్లకు అదొక చెంపపెట్టు.

మన బురదకు గోడ ఎవరూ కట్టలేదు. కానీ దాని మూలధనం ఎగువన కరిగిపోతోంది. గోదావరి 1970లలో ఏడాదికి సగటున సుమారు 15 కోట్ల టన్నుల మట్టి కిందికి తెచ్చేది. 1990లలో అది 6 కోట్ల టన్నులకు లోపే పడిపోయిందని డెల్టా మీద పనిచేసిన విశాఖ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మిగిలింది జలాశయాల అడుగున పేరుకుంటోంది. సముద్రం అరగదీసేంత మట్టిని నది తిరిగి ఇవ్వకపోతే తీరం వెనక్కి జరుగుతుంది. డెల్టా అంచున చాలాచోట్ల ఇప్పుడు జరుగుతున్నది అదే. డ్యాములు వద్దని ఎవరం అనలేం, మనం తినే అన్నం ఆ నీళ్లదే. కానీ ప్రాజెక్టుల లెక్కల్లో నీళ్లకు టీఎంసీలున్నాయి, కరెంటుకు మెగావాట్లున్నాయి. మట్టికి మాత్రం గడి లేదు. నా మటుకు నాకు ఇది పక్షుల సమస్య కంటే ముందు డెల్టా రైతు సమస్య అనిపిస్తుంది.

పక్షుల లెక్క అయితే ఒకటి నడుస్తోంది. ఆసియా నీటి పక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. కోరింగలోనూ లెక్కిస్తారు. పక్షి శాస్త్రజ్ఞులు చాలరు కాబట్టి ఔత్సాహికుల చేతుల మీదుగానే ఎక్కువ పని సాగుతుంది. వేలల్లో ఉన్న గుంపును లెక్కపెట్టడం కూడా నేర్చుకోదగ్గ విద్యే. ముందు పది పక్షులు ఎంత మేర ఆక్రమించాయో చూసి, ఆ మేరను కొలగా పట్టి గుంపు పొడవునా వేసుకుంటూ పోవాలి. కొత్తవాళ్లు దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతారు.

పెద్ద సరంజామా అక్కర్లేదు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే బైనాక్యులర్స్ చాలు, టెలిస్కోపు ఉన్న స్నేహితుడుంటే మరీ మంచిది. మాసిన రంగు బట్టలు కట్టుకోండి. బురదలోకి దిగకండి, కాలు మోకాలి దాకా దిగిపోతుంది. గుంపు తినడం మానేసి తలలెత్తి చూసిందంటే మీరు మరీ దగ్గరికొచ్చారని అర్థం, పది అడుగులు వెనక్కి వేయండి. కుక్కను ఇంటి దగ్గరే వదిలి రండి. వచ్చే జనవరిలో లెక్కకు మనుషులు కావాలేమో డిసెంబరులోనే కాకినాడ అటవీశాఖ వన్యప్రాణి విభాగంలో అడగండి.